అయోవా బార్న్‌స్టార్మర్స్: జట్టు న్యూయార్క్ వెళ్లిపోతే చరిత్ర ఎవరి ఖాతాలోకి?

మైలవరం_మూర్తి
అందరికీ నమస్కారం. నేనుండేది అమెరికాలో అయోవా రాష్ట్రం, డి మోయిన్. ఆఫీసులో నాకూ మా టీమ్‌లో ఒకాయనకీ నాలుగు రోజులుగా ఒకటే గొడవ. మా ఊరి ఇండోర్ ఫుట్‌బాల్ జట్టు అయోవా బార్న్‌స్టార్మర్స్ 2018లో ఛాంపియన్ అయింది కదా, తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికాలో పెద్ద ఫుట్‌బాల్ లీగ్) ఫైనల్ సూపర్‌బౌల్ గెలిచిన కర్ట్ వార్నర్ ఆడిన బార్న్‌స్టార్మర్స్ అదేనా అన్నది ప్రశ్న. ఆయన ససేమిరా కాదంటాడు. వార్నర్ జట్టు 2001లోనే న్యూయార్క్ తరలిపోయిందట, ఇప్పుడున్నది పేరు తగిలించుకున్న కొత్త దుకాణమట. నేనేమో ఊరు అదే, పేరు అదే, హెల్మెట్ మీద కళ్లజోడు బొమ్మ అదే, ఇంకేం కావాలి అంటాను. ఈ వేదికలో అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చోళ్లు చాలామందే ఉన్నారని తెలుసు. తేల్చి పెట్టండి.

కొత్తబండి
మూర్తి గారూ, మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. ఇండోర్ ఫుట్‌బాల్ అంటే ఫుట్‌సాలా? గచ్చిబౌలిలో టర్ఫుల మీద ఐదుగురేసి ఆడతారే, అదేనా?

సిరి_డాలస్
కాదు తమ్ముడూ. ఇది అమెరికన్ ఫుట్‌బాల్‌నే తీసుకొచ్చి ఐస్ హాకీ హాల్లో కుక్కిన ఆట. బయట మైదానం వంద గజాలు, ఇక్కడ యాభై. వెడల్పు 85 అడుగులే. పదకొండు మంది బదులు ఎనిమిది మంది. పక్క గీత ఉండాల్సిన చోట మెత్తలు కట్టిన చెక్క గోడ ఉంటుంది, దాని మీద నుంచి ఆటగాడు తిరగబడి ముందు వరస ప్రేక్షకుల ఒళ్లో పడటం మామూలే. పంట్ (బంతిని దూరంగా తన్ని అవతలి జట్టుకి ఇచ్చేయడం) కొట్టడానికి వీల్లేదు, నాలుగు ప్రయత్నాల్లో ముందుకెళ్లాలి లేదా గోల్‌కి తన్నాలి. గోల్‌పోస్టులు బయటివాటిలో సగం వెడల్పు కూడా ఉండవు, క్రాస్‌బార్ నేల నుంచి 15 అడుగుల ఎత్తులో ఉంటుంది.

అసలు తమాషా పోస్టులకి రెండువైపులా కట్టిన పెద్ద వలలు. తన్నిన బంతి వలకి తగిలి వెనక్కొస్తే ఆట ఆగదు, పట్టుకుని పరుగు తీయొచ్చు. అందుకే ఒక్కో జట్టూ యాభై అరవై పాయింట్లు కొడుతుంది. నలభై దాటకపోతే కోచ్‌ని తిడతారు.

గోల్‌పోస్ట్
సిరి గారు చెప్పిన ఆటకి పుట్టుపూర్వోత్తరాలు కూడా కలుపుతాను, ఎందుకంటే మూర్తి గారి ప్రశ్నకి జవాబు సగం అక్కడే ఉంది.

దీన్ని కనిపెట్టినాయన జిమ్ ఫోస్టర్. 1981 ఫిబ్రవరిలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇండోర్ సాకర్ మ్యాచ్ చూస్తూ, ఇదే హాల్లో మన ఫుట్‌బాల్ ఎందుకు ఆడకూడదని చేతిలో ఉన్న కవరు మీద మైదానం గీసుకున్నాడు. 1986లో ఇల్లినాయ్‌లోని రాక్‌ఫర్డ్‌లో ఒక ప్రయోగపు మ్యాచ్. 1987లో అరీనా ఫుట్‌బాల్ లీగ్ నాలుగు జట్లతో మొదలైంది: షికాగో బ్రూజర్స్, డెన్వర్ డైనమైట్, పిట్స్‌బర్గ్ గ్లాడియేటర్స్, వాషింగ్టన్ కమాండోస్. మొదటి అరీనాబౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్‌లో, డెన్వర్ 45–16తో పిట్స్‌బర్గ్‌ని ఓడించింది. 1990లో ఆటకి ఏకంగా పేటెంట్ తీసుకున్నాడు. క్రికెట్‌కి ఎవరైనా పేటెంట్ తీసుకుని ఉంటే మన గల్లీల పరిస్థితి ఊహించుకోండి.

ఆ ఫోస్టరే 1995లో డి మోయిన్‌లో సొంత జట్టు పెట్టాడు. అదే బార్న్‌స్టార్మర్స్. 1920ల్లో పొలాల్లో విమానం దింపి విన్యాసాలు చేసి డబ్బులు దండుకునే పైలట్లని అలా పిలిచేవారు. హెల్మెట్ మీద కళ్లజోడు అందుకే. కాబట్టి మూర్తి గారి ఊరి జట్టు ఏదో గాలివాటంగా వచ్చింది కాదు, ఆట కనిపెట్టినాయన స్వయంగా పెంచిన బిడ్డ.

పాతచింతకాయ
అబ్బాయిలూ, ఎట్టకేలకు నా కాలం ముచ్చట వచ్చింది. నేను 1996లో ఏమ్స్‌లో అయోవా స్టేట్‌లో ఎమ్మెస్ చేస్తున్నా. మా రూమ్‌లో నలుగురం తెలుగువాళ్లం, ఒక డొక్కు కారు. వారాంతం డి మోయిన్ పోతే వెటరన్స్ మెమోరియల్ ఆడిటోరియం. జనం దాన్ని బార్న్ అనేవారు, కొట్టం అన్నమాట. 1955లో కట్టిన పాత హాలు. అక్కడివాళ్లకి అది హైస్కూల్ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ పోటీలు జరిగిన చోటు, పక్కా సెంటిమెంటు.

రూల్స్ నాకు ముక్క అర్థం కాలేదు. కానీ ఆ రొద! కప్పు ఎగిరిపోతుందేమో అనిపించేది. పక్కనున్న రైతు పెద్దాయన ఒకాయన నాకు ప్రతి ఆటకీ వ్యాఖ్యానం చెప్పేవాడు. 13 నంబరు చొక్కా కుర్రాణ్ణి చూపించి "చూడు, బంతి చేతిలో ఉంచుకోడు" అనేవాడు. నిజంగానే ఉంచుకునేవాడు కాదు. అతను వెనక్కి రెండడుగులు వేసేలోపు బంతి అవతల ఎవరో పట్టేసుకునేవారు. వార్నర్ అన్న పేరు నాకు తర్వాత మూడేళ్లకి గానీ టీవీలో వినపడలేదు.

ఆ ఏడాది ఫైనల్ మా కొట్టంలోనే. టాంపా బే స్టార్మ్ 42–38తో కొట్టేసింది. ఇంట్లో జరిగిన పెళ్లిలో భోజనం అందనట్టు వచ్చాం.

ఓరుగల్లు_పోరడు
బాబాయ్ నువ్వు వార్నర్‌ని కండ్లార చూసినవా! మరి గా కథ నిజమేనా, సూపర్‌మార్కెట్ల రాత్రిపూట సామాన్లు సర్దిండట గదా? గాణ్ణుంచి సీదా సూపర్‌బౌల్‌కి పోయిండని అందరు చెప్తరు. సినిమా గూడ తీసిన్రు.

సిరి_డాలస్
"సీదా" అన్న మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. ఈ కథ చెప్పేవాళ్లంతా మూడేళ్లు మింగేస్తారు.

వరస ఇది. 1994లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్ శిబిరం నుంచి వార్నర్‌ని పంపేశారు. సీడర్ ఫాల్స్‌లో హై-వీ దుకాణంలో గంటకి 5.50 డాలర్లకి అరలు సర్దాడు, అది నిజమే. 1995లో బార్న్‌స్టార్మర్స్‌లో చేరాడు. 1995, 96, 97 మూడు సీజన్లు ఆడాడు. 1996లో పాతచింతకాయ బాబాయ్ చెప్పిన ఫైనల్ ఓటమి. 1997లో మళ్లీ ఫైనల్. ఈసారి ఫీనిక్స్‌లో, డ్యానీ వైట్ కోచ్‌గా ఉన్న అరిజోనా రాట్లర్స్ చేతిలో 55–33 ఓటమి. ఆ తర్వాత షికాగో బేర్స్ ట్రయల్‌కి పిలిస్తే, హనీమూన్‌లో జమైకాలో సాలీడు కుట్టి మోచెయ్యి వాచిపోయింది, పోలేకపోయాడు. 1997 చివర్లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు సెయింట్ లూయిస్ రామ్స్ సంతకం చేయించుకుని 1998లో ఆమ్‌స్టర్‌డామ్ పంపించారు, ఎన్‌ఎఫ్‌ఎల్ యూరప్ ఆడటానికి. 1999లో రామ్స్ మొదటి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) ట్రెంట్ గ్రీన్ మోకాలు పోతే గానీ చోటు దొరకలేదు. అప్పుడు 41 టచ్‌డౌన్ (బంతితో చివరి గీత దాటితే వచ్చే స్కోరు) పాస్‌లు, లీగ్ ఎమ్‌వీపీ (ఆ ఏటి ఉత్తమ ఆటగాడు), సూపర్‌బౌల్‌లో టెన్నెసీ మీద 23–16 గెలుపు, పాస్‌లతో 414 గజాలు, అప్పటికి రికార్డు.

దుకాణానికీ సూపర్‌బౌల్‌కీ మధ్య అయోవా ఉంది. ఇరుకు మైదానంలో రక్షకులు రెప్పపాటులో మీద పడతారు, కాబట్టి బంతి వదలడం అక్కడ బతుకుతెరువు. బాబాయ్ పక్కన కూర్చున్న రైతు 1996లోనే గమనించింది అదే. వార్నర్ కూడా ఆ వేగం అరీనా నేర్పిందనే చెప్పాడు. 2017లో అతన్ని ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. అంతకుముందే 2011లో అరీనా హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. రెండింట్లోనూ ఉన్న మొదటి ఆటగాడు అతనే.

ఓరుగల్లు_పోరడు
సరే అక్కా, ఒప్పుకున్న. కని ఒక మాట. వార్నర్ ఒక్కడు పైకొచ్చిండని లీగ్ మొత్తం గొప్పదైతదా? ఎంతమంది వచ్చిన్రు గట్ల?

గోల్‌పోస్ట్
చాలా తక్కువ మంది. అది ఒప్పుకోవాల్సిందే. కానీ రానివాళ్ల కథ కూడా చూడు. వార్నర్ వెళ్లాక బార్న్‌స్టార్మర్స్‌కి ఆడిన క్వార్టర్‌బ్యాక్ ఆరన్ గార్సియా. జట్టుతోపాటే న్యూయార్క్ వెళ్లాడు, 2001లో ఒక్క సీజన్లో 104 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. లీగ్ చరిత్రలో అతనికన్నా ఎక్కువ టచ్‌డౌన్లు విసిరినవాడు లేడు. వార్నర్ పేరు తెలిసిన వందమందిలో గార్సియా పేరు తెలిసినవాడు ఒకడుంటే గొప్ప. అరీనాలో రాజు, బయట అనామకుడు.

ఇక మూర్తి గారి ప్రశ్న. ఫోస్టర్ జట్టుని చార్లెస్ వాంగ్‌కి అమ్మేశాడు. ఐలాండర్స్ అనే హాకీ జట్టు కూడా ఆయనదే. 2001 నుంచి ఈ ఫుట్‌బాల్ జట్టు ఆ హాకీ జట్టు ఉండే లాంగ్ ఐలాండ్‌లోని నాసో కొలీజియంకే వెళ్లింది, న్యూయార్క్ డ్రాగన్స్ అన్న పేరుతో. 2008 దాకా ఆడింది. ఆ చలికాలంలో లీగ్ 2009 సీజన్‌ని రద్దు చేసింది, ఆ తర్వాత దివాలా. డ్రాగన్స్ మళ్లీ లేవలేదు.

డి మోయిన్‌లో పేరు మాత్రం తిరిగొచ్చింది. 2008లో కింది స్థాయి లీగ్ ఏఎఫ్2లో, కొత్త వెల్స్ ఫార్గో అరీనాలో. 2010లో అరీనా లీగ్‌ని మళ్లీ తెరిస్తే అందులోకి. 2015 నుంచి ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్ అనే వేరే లీగ్‌లో. కాగితాల ప్రకారం చూస్తే మీ ఆఫీసు ఆయన మాటే సరైంది మూర్తి గారూ. లైసెన్సు వంశవృక్షం న్యూయార్క్‌లో ఆగిపోయింది.

కొండాపూర్_ఖాజా
ఒక్క నిమిషం. చార్లెస్ వాంగ్ అంటే కంప్యూటర్ అసోసియేట్స్ చార్లెస్ వాంగేనా? మేం అదే కంపెనీలో, హైదరాబాద్ సీఏలో ఏళ్ల తరబడి మెయిన్‌ఫ్రేమ్ కోడ్ మోసినోళ్లం. బ్రాడ్‌కామ్ వచ్చి కొనేదాకా అక్కడే. మా ఫౌండర్ హాకీ టీమ్ కొన్నాడని తెలుసు గానీ, అయోవా నుంచి ఫుట్‌బాల్ టీమ్ ఎత్తుకొచ్చాడని ఇప్పుడే వింటున్నా. కొనడం, పేరు మార్చడం ఆయనకి అలవాటే, సాఫ్ట్‌వేర్ కంపెనీలని అలాగే మింగేవాడు 😀

అయినా ఈ చర్చ మనకేం కొత్త? డెక్కన్ ఛార్జర్స్ గుర్తులేదా ఎవరికీ?

ఓరుగల్లు_పోరడు
ఖాజా భాయ్ గదే నేను రాద్దామనుకున్న. 2009ల జొహాన్నెస్‌బర్గ్‌ల గిల్‌క్రిస్ట్ కప్పు ఎత్తిండు, బెంగళూరును ఆరు పరుగులతోని ఓడగొట్టి. 2012ల టీమ్ తీసేసిన్రు. 2013ల సన్ టీవీ వాళ్లు సన్‌రైజర్స్ తెచ్చిన్రు, 2016ల వాళ్లు కప్పు కొట్టిన్రు. ఉప్పల్ స్టేడియం అదే, జనం అదే, అరుపులు అవే. కని ఐపీఎల్ లెక్కల సన్‌రైజర్స్‌కి ఒక్కటే కప్పు. మనం మాత్రం హైదరాబాద్‌కి రెండు అంటం. మూర్తన్నా, నీ వాదన గదే కదా?

మైలవరం_మూర్తి
అదే, ఇంకా గట్టిగా. హైదరాబాద్‌లో పేరు మారింది, రంగు మారింది. ఇక్కడ పేరు మారలేదు. పోయింది హాలొక్కటే, పాత బార్న్‌ని సమావేశాల హాలుగా మార్చేశారు.

సిరి_డాలస్
మూర్తి గారి పక్షాన ఇంకొక సాక్ష్యం. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్. 1996లో యజమాని ఆటగాళ్లందరినీ బాల్టిమోర్ తీసుకుపోయాడు, అదే నేటి రేవెన్స్. కానీ క్లీవ్‌లాండ్ ఊరు కోర్టుకెక్కి, లీగ్‌తో ఒప్పందం చేసుకుని పేరు, రంగులు, రికార్డులు అన్నీ తన దగ్గరే ఉంచుకుంది. 1999లో కొత్త జట్టు వచ్చినప్పుడు పాత చరిత్ర మొత్తం దానికే రాశారు. రేవెన్స్ కాగితాల మీద 1996లో పుట్టిన పసివాళ్లు. అంటే చరిత్ర ఆటగాళ్ల వెంట పోవాలన్న నియమం ఎక్కడా లేదు. ఎవరు పట్టుబడితే వాళ్లదే.

గోల్‌పోస్ట్
కానీ సిరి గారూ, మీ సాక్ష్యమే మూర్తి గారికి ఎదురు తిరుగుతుంది. క్లీవ్‌లాండ్‌కి సంతకాలతో కూడిన ఒప్పందం ఉంది. అయోవాకి లేదు. అరీనా లీగ్‌లో అసలు ఆచారం జట్టు పోతే చరిత్ర కూడా మూట కట్టుకుపోవడమే. పిట్స్‌బర్గ్ గ్లాడియేటర్స్ 1991లో టాంపా వెళ్లి స్టార్మ్ అయింది. 1987, 1989 ఫైనల్స్‌లో పిట్స్‌బర్గ్ ఓడిన లెక్క కూడా టాంపా పుస్తకంలోనే ఉంటుంది. 1996లో మీ బార్న్‌లో మిమ్మల్ని ఓడించినది ఆ టాంపాయే. అదే కొలతతో చూస్తే వార్నర్ చరిత్ర డ్రాగన్స్‌ది.

పాతచింతకాయ
నాయనా గోల్‌పోస్టూ, లాంగ్ ఐలాండ్‌లో ఎవడైనా వార్నర్ మావాడు అన్నాడా? డ్రాగన్స్ ఉన్న ఎనిమిదేళ్లలో ఒక్కడు? వార్నర్ సూపర్‌బౌల్ గెలిచిన 2000 జనవరిలో నేను సీడర్ రాపిడ్స్‌లో ఉద్యోగం చేస్తున్నా. రామ్స్ సెయింట్ లూయిస్ జట్టు, ఆట అట్లాంటాలో, గోల చేసింది అయోవా. ఆ మర్నాడు ఆఫీసులో పని చేసినవాడు లేడు. దాన్ని ఏ లైసెన్సులో రాసి న్యూయార్క్ పంపిస్తారు?

గోల్‌పోస్ట్
ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు బాబాయ్. కానీ అభిమానం వేరు, రికార్డు వేరు. వార్నర్ అయోవాలో విసిరిన 183 టచ్‌డౌన్ పాస్‌లు అన్న అంకె ఏదో ఒక పుస్తకంలో ఉండాలి కదా.

ఓరుగల్లు_పోరడు
గిదంత ఒడ్వని ముచ్చట గని, ఇంకోటి చెప్పుండ్రి. వార్నర్‌కి మన హైదరాబాద్‌తోని ఏదో లింకు ఉన్నదని ఎక్కడనో సదివిన.

సిరి_డాలస్
ఉంది, కానీ ఇండోర్ కాదు. ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని 2011లో ప్రకటించారు. పెట్టుబడి పెట్టినవాళ్లలో వార్నర్, పాత ఎన్‌ఎఫ్‌ఎల్ కోచ్ మైక్ డిట్కా, పాత క్వార్టర్‌బ్యాక్ రాన్ జావర్స్కీ ఉన్నారు. జావర్స్కీ అప్పటికే ఫిలడెల్ఫియా సోల్ అనే అరీనా జట్టుకి యజమానుల్లో ఒకడు. జట్లలో ఒకటి హైదరాబాద్ స్కైకింగ్స్. మొదటి సీజన్ 2012లో కొలంబోలో ఆడించి తర్వాత టీవీలో చూపించారు. పుణె మరాఠాస్ గెలిచింది. ఊళ్లో ఆడని ఊరి జట్టు అన్నమాట.

కొండాపూర్_ఖాజా
స్కైకింగ్స్! కొండాపూర్‌లో పుట్టి పెరిగినోణ్ణి, జీవితంలో వినలేదు. హైదరాబాద్ పేరుతో జట్టు ఉండి, హైదరాబాదీకి తెలియకుండా పోవడం కూడా ఒక రికార్డే. మరి దాని చరిత్ర ఎవరిది, కొలంబోదా? 😀

మైలవరం_మూర్తి
ఖాజా గారి మాట నాకు పనికొస్తుంది. చరిత్ర అనేది చూసినవాళ్లున్న చోట ఉంటుంది, స్కైకింగ్స్‌ని చూసినవాడు లేడు కాబట్టి హైదరాబాద్‌లో దానికి చరిత్ర లేదు. బార్న్‌స్టార్మర్స్‌ని చూసినవాళ్లు ఇక్కడున్నారు.

2018 సంగతి కూడా చెప్పాలి. ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్‌లో 2011 నుంచి 2016 దాకా వరసగా ఆరు కప్పులు కొట్టిన సూ ఫాల్స్ స్టార్మ్ మీద ఫైనల్. 69–68. ఒక్క పాయింటు! నేను మా అబ్బాయితో చూశాను, చివర్లో వాడు కళ్లు మూసుకున్నాడు. ఆ రాత్రి బయట జనంలో చాలామంది వేసుకున్నవి వార్నర్ 13 నంబరు పాత చొక్కాలు. 1996లో నాలుగు పాయింట్లతో పోయింది ఇప్పుడు ఒక పాయింటుతో వచ్చిందని వాళ్లే అంటున్నారు. కాగితం ఏమైనా అనుకోనీ.

గోల్‌పోస్ట్
ఆ లెక్క నాకూ నచ్చింది. వార్నర్ ఉండగా రెండు ఫైనల్స్ ఆడి రెండూ ఓడిన ఊరు, మొదటి కప్పు కోసం 2018 దాకా ఆగింది. అది కింది స్థాయి లీగ్ అన్నది మర్చిపోకండి, అరీనా లీగ్ 2019లో పూర్తిగా మూతపడే ముందు ఏడాది అది. 2024లో ఆ లీగ్ పేరుతో ఇంకో ప్రయత్నం జరిగింది, కొన్ని వారాలకే జట్లు ఒక్కొక్కటీ చేతులెత్తేశాయి. అందుకే నేను లైసెన్సుల గురించి గట్టిగా మాట్లాడుతున్నా. ఈ ఆటలో జట్లు వానాకాలం పుట్టగొడుగులు, కాగితం కూడా లేకపోతే ఏదీ మిగలదు.

నిర్వాహకుడు
చర్చ బాగుంది. ఐపీఎల్ మీద వచ్చిన పద్దెనిమిది సందేశాలని క్రికెట్ విభాగానికి తరలించాను. డెక్కన్ ఛార్జర్స్ వాదన అక్కడ కొనసాగించండి, ఇక్కడ బార్న్‌స్టార్మర్స్ వరకే.

కొత్తబండి
నాకో చిన్న సందేహం మిగిలింది. మేం వచ్చే నెల అరిజోనా మారుతున్నాం. అక్కడ రాట్లర్స్ ఇంకా ఆడుతున్నారని చూశాను. ఏడేళ్ల పాపతో వెళ్తే ముందు వరస టికెట్లు తీసుకోవచ్చా? వలలు, గోడలు అన్నీ సిరి అక్క చెప్పినట్టే ఉంటాయా?

సిరి_డాలస్
రాట్లర్స్ కూడా ఇప్పుడు ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్‌లోనే, వార్నర్‌ని 1997లో ఓడించిన జట్టే. ఈ లీగ్‌లో వలలుండవు. మిగతాది దాదాపు అంతే: యాభై గజాలు, ఎనిమిది మంది, మెత్తల గోడ. ఆట మొదలుపెట్టే తన్ను, అంటే కిక్‌ఆఫ్‌లో బంతి నేరుగా పోస్టుల మధ్య నుంచి పోతే రెండు పాయింట్లిస్తారు, అది చూసి కంగారు పడకు. గ్యాలరీలోకొచ్చిన బంతి దొరికినవాళ్లదే. పాపకి ముందు వరస వద్దు, గోడ దగ్గర ఒకటిన్నర క్వింటాల్ మనిషి మీద పడతాడు. మూడో నాలుగో వరస, మూల వైపు, ఎండ్‌జోన్ పక్కన తీసుకో. టచ్‌డౌన్లన్నీ అక్కడే.